మంగళవారం క్లాసు

ఆర్బ్రోత్‌లో మంగళవారం సాయంత్రం
ఏడో నంబరు గదిలోకి ముందు పొగ వాసన వస్తుంది,
వెనకాల ఫెర్గస్ వస్తాడు.
పగలంతా రేవు పక్క షెడ్డులో
హేడక్ చేపల్ని జతలు జతలుగా తోకలకి తాడు కట్టి
కర్రల మీద వేలాడదీసి వస్తాడు.
ఎంత సబ్బు రుద్దుకున్నా
వాడే కీబోర్డు ముందు కూర్చున్నాడో
మర్నాడు పొద్దున కూడా చెప్పేయగలను.

మనవరాలికి ఫోటోలు పంపడం రావాలి మిసెస్ డథీకి.
లారీ నడిపి నడుం పోగొట్టుకున్న ఇయన్‌కి
కూర్చుని చేసే పని ఏదైనా సరే.
బొజెనా పోలండ్ నుంచి వచ్చింది,
కోళ్ల ఫారంలో గుడ్లు లెక్కరాస్తుంది.
నేను చెప్పేది చాలా చిన్న చదువు.
ఫైలు ఎక్కడ పెట్టావో గుర్తుంచుకో.
మౌస్‌ని అంత గట్టిగా పట్టుకోకు, అది పారిపోదు.
దాచకుండా మూయకు.
దాచకుండా మాత్రం మూయకు.

మూడో వారం, అందరూ కోట్లు తొడుక్కుంటుంటే అడిగాడు:
ఈ కోర్సు చేస్తే
గేములు తయారుచేసే ఉద్యోగం వస్తుందా?

ఇరవై ఆరేళ్లుగా ఈ గదిలోనే ఉన్నాను.
వస్తుందనడం తేలిక, రిజిస్టరు కూడా నిండుతుంది.
రాదు, అన్నాను.
ఓనమాలు దిద్దినంత మాత్రాన కావ్యం రాదు.
డండీలో కంపెనీలున్నాయి, బస్సులో గంట,
వాళ్ల గుమ్మంలో ఈ సర్టిఫికెట్
వానకి తడిసిన కాగితం.
లెక్కలు కావాలి. ప్రోగ్రామింగ్ కావాలి.
ఇదిగో నేను చేసిన ఆట అని చూపించడానికి
చివరిదాకా చేసిన ఆట ఒకటి కావాలి.

తలూపాడు,
సరుకు చెడిందని ఎవరో అంటే
తనూ వాసన చూసి ఒప్పుకున్నవాడిలా.

తర్వాతి మంగళవారం గడుల పాఠం.
నెల ఖర్చులు వేసి కూడమన్నాను.
మిసెస్ డథీ పిల్లి తిండి దగ్గర ఆగిపోయింది.
ఫెర్గస్ గడుల్ని కుదించి నలుచదరం చేశాడు,
నీలం పూశాడు, అది రేవు.
బూడిదరంగుది సీగల్.
పక్క గడిలో అంకె మారిస్తే సీగల్ కదులుతుంది,
చేప మీద వాలితే ఒక పాయింటు.
నేను చెప్పిన సూత్రం ఒక్కటే:
ఇలా అయితే అది, కాకపోతే ఇది.
దాన్నే దానిలో దూర్చి, దూర్చి,
ఉల్లిపాయ చేశాడు.

సీగల్ గోడల్లోంచి దూరిపోయేది.
స్కోరు ఒక్కోసారి సున్నా కిందికి జారేది.
అయినా ఇయన్ నడుం సంగతి మరిచి వంగి ఆడాడు.
బొజెనా ఓడిపోయి పోలిష్‌లో ఏదో తిట్టింది,
అనువాదం అక్కర్లేకపోయింది.
కేర్‌టేకర్ వచ్చి తాళాల గుత్తి మోగించి,
తనూ ఒక ఆట ఆడి పోయాడు.

నేను ఆడలేదు.
ఎనభై నాలుగులో మా అన్న కంప్యూటర్ మీద
పత్రిక చూసి ఒక ఆట మొత్తం అక్షరమక్షరం కొట్టాను,
నాలుగు గంటలు. వేళ్లు వాచాయి.
క్యాసెట్‌లోకి ఎక్కించకముందే
ఇస్త్రీ పెట్టె కోసం అమ్మ ప్లగ్గు పీకింది.
పాపం, ఆవిడకేం తెలుసు.
మళ్లీ కొట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

జూన్‌లో సర్టిఫికెట్లు ఇచ్చాం.
వాడి పేరు ఫెర్గూసన్ అని పడింది, దిద్దించుకోలేదు.
డండీ కాలేజీలో ముందు లెక్కలు పాసై రమ్మన్నారట.
టీ విరామంలో చేపల అట్టపెట్టెల మీద
సమీకరణాలు రాస్తున్నాడట, బొజెనా చెప్పింది,
మూత మీద ఎక్స్ విలువతో సహా
ఒక పెట్టె ఎడిన్‌బరో వెళ్లిపోయిందట.

ఉద్యోగమా? నాకు తెలీదు.
ఇప్పటికీ ఎవరడిగినా రాదనే చెబుతాను.

మొన్న వాడి దగ్గర్నించి ఒక ఫైలొచ్చింది, ఉత్తరం లేదు.
సీగల్ ఇప్పుడు గోడకి కొట్టుకుని ఆగుతోంది.
రెక్క ఒకసారి దులుపుకుని
పక్కకి తిరుగుతోంది.

రాత్రి పదకొండింటి దాకా ఆడాను.
నలభై ఒక్క చేపలు.
దాచి, మూశాను.